ముద్రలక్క చెప్పిన ఊరు

ఆ పేటలో ఆమెను అందరూ ముద్రలక్క అనేవారు. బ్యాంకు మేడమీద, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు గదిలో, గుర్తింపు కార్డుల కోసం జనం వేలిముద్రలు తీసుకోవడం ఆమె ఉద్యోగం. గదిలో ఒక బల్ల, కంప్యూటరు, వేళ్ళు ఆనించే గాజు పలక, కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూడాల్సిన యంత్రం ఒకటి ఉండేవి. ఫోటో దిగే కుర్చీ వెనక గోడకి మేకులతో బిగించిన తెల్లగుడ్డ. ఫ్యాను తిరిగితే గుడ్డ ఊగి మొహాల మీద నీడలు పడుతున్నాయని ఎండాకాలంలో కూడా ఫ్యాను ఆపేసేది. వచ్చినవాళ్ళు చెమటలు కక్కుతూ విసుక్కుంటే, "రెండు నిమిషాలు ఓర్చుకోండి. ఫోటో దెయ్యంలా పడితే జన్మంతా ఆ మొహంతోనే తిరగాలి" అని నవ్వించేది.

ఆ పనిలో ఆమెకు చెయ్యి తిరిగింది. అంట్లు తోమేవాళ్ళు, సున్నం కలిపేవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు వస్తే మిగతా కేంద్రాల్లో "వేలు పడటం లేదు, రేపు రండి" అని తిప్పి పంపేవారు. ముద్రలక్క అలా పంపేది కాదు. ఆ చేతుల్ని తడిగుడ్డతో తుడిచి, తన అరచేతుల మధ్య పెట్టుకుని వేడెక్కేదాకా రుద్ది, చుక్క నూనె రాసి, మళ్ళీ తుడిచి, ఆ వేలి మీద తన వేలు వేసి ఎంత నొక్కాలో అంతే నొక్కేది. ముద్ర పడేది. వేరే పేటలవాళ్ళు కూడా బస్సెక్కి వచ్చి ఆమె గది ముందే వరస కట్టేవారు.

ఇంట్లో భర్త, అత్తగారు. భర్త కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే పని చేసేవాడు. ఇంటికొచ్చాక కూడా వేళ్ళు గాలిలో తీగ చుడుతున్నట్టే కదులుతుండేవి, మాట మాత్రం తక్కువ. ఆ లోటంతా అత్తగారు తీర్చేది. కోడలు తన వేలిముద్రలు తీసుకున్న రోజున, "నా గీతలన్నీ నీ పెళ్ళినాటికే అరిగిపోయాయి. ఇప్పుడు వెతికితే ఏం దొరుకుతుంది?" అని వరసలో ఉన్నవాళ్ళందరినీ నవ్వించింది.

భయపడేవాళ్ళూ ఉండేవారు. ముఖ్యంగా ఆడవాళ్ళు. కళ్ళు ఎందుకు, పదివేళ్ళూ ఎందుకు, ఇదంతా ఎక్కడికి పోతుంది అని అడిగేవారు. వాళ్ళకి ముద్రలక్క చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. "ఇది మీకూ మిషనుకూ మధ్య సంగతి. మూడో మనిషికి తెలియదు. నన్ను నమ్మండి." పైవాళ్ళు నేర్పిన మాట అది. చెప్పీ చెప్పీ ఆమెకు సొంతమైపోయింది. వాళ్ళు మిషన్ను నమ్మకపోయినా ఆమెను నమ్మి చేతులు చాచేవారు.

కానీ ఆ మాట నిజం కాదని ఆమెకు తెలుసు. కార్డు మీది నంబరుతో ఎవరు ఎక్కడ వేలు పెట్టినా, ఆసుపత్రిలో అయినా, ఫోను కనెక్షను కొనేచోట అయినా, ఏ రోజు ఎక్కడ పెట్టారో చూపించే తెర ఒకటుంది. దాన్ని తెరవడం సూపర్‌వైజరు ఒక్కడికే సాధ్యం. ఆయన చేతికింద చాలా కేంద్రాలు ఉండేవి. ఎవరి కార్డు ఎందుకు ఆగిపోయిందో చూడమని అందరూ ఫోన్లు చేస్తుంటే విసుగెత్తి, "ప్రతిదానికీ నా ప్రాణం తియ్యకండి, మీరే చూసుకోండి" అని తన పాస్‌వర్డు చెప్పేశాడు. ఆగిపోయిన కార్డుల కోసమే ముద్రలక్క దాన్ని వాడేది. వేరేదానికి వాడాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఆమె ఇంటి సందు మొదట్లో ఒక టైలరు కొట్టు ఉండేది. బడిపిల్లల యూనిఫారాలు, ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేవాడు. మెత్తని మాట. ఎవరినైనా అక్కా, అన్నా అని పిలవకుండా పలకరించేవాడు కాదు. కొట్టు వెనక భాగంలో, గుడ్డ తెర పక్కన, పీట మీద కూర్చుని అతని భార్య హుక్కులు కుట్టేది, అంచులు మడిచేది. అందరూ ఆమెను హుక్కులమ్మాయి అనేవారు. తలెత్తేది కాదు. నోట్లో నాలుక లేని పిల్ల అని ముద్రలక్క అనుకునేది. వాళ్ళకొక కూతురు. ఆ పాపకు ఫిట్స్ వచ్చేవి. ఒకసారి ముద్రలక్క జాకెట్టు కోసం వెళ్ళినప్పుడు, గుడ్డముక్కలతో ఆడుకుంటున్న పాప ఉన్నట్టుండి కొయ్యబారి పడిపోయింది. హుక్కులమ్మాయి పీట మీంచి లేచి పాపను ఒక పక్కకు తిప్పి, తల కింద తన చెయ్యి పెట్టి, అది తగ్గేదాకా కదలకుండా ఉండిపోయింది. ఆ దృశ్యం ముద్రలక్క మనసులో ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం, అన్నాల వేళకు గది ఖాళీ అయ్యాక, టైలరు మెట్లెక్కి వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. తిన్నగా వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"లే తమ్ముడూ. ఇదేం పని? ఏమైంది?"

"పిల్లను తీసుకుని వెళ్ళిపోయిందక్కా. ఏదో మాటా మాటా అనుకున్నాం. ఏ ఇంట్లో లేదు? సాయంత్రానికి వస్తుందిలే అనుకున్నాను. రాలేదు."

"పుట్టింట్లో అడిగావా?"

"అడగని చోటు లేదు. నా సంగతి వదిలెయ్యండి. పిల్ల సంగతి మీకు తెలుసు కదా." అతను చొక్కా జేబులోంచి మందు సీసా తీసి ఆమె బల్లమీద పెట్టాడు. సగం నిండి ఉంది. "ఇది కూడా తీసుకెళ్ళలేదు. మందు తప్పితే దాని గతేంటి? మీరొక్కసారి చూడండక్కా. కార్డు నంబరు కొడితే మీకు తెలుస్తుందట కదా."

"అలా చూడకూడదు" అంది ముద్రలక్క.

అతను వాదించలేదు. చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. మగవాడు అలా వెక్కి వెక్కి ఏడవడం ఆమె దగ్గరగా చూడలేదు. ఆ ఏడుపు ఆగితే చాలనిపించింది. భార్య కార్డు నకలు అతని దగ్గర సిద్ధంగా ఉంది. ఆమె నంబరు కొట్టింది.

నదికి అవతల ఉన్న ఊరు. అక్కడి పెద్దాసుపత్రి, పిల్లల విభాగం. ఆ తర్వాత మళ్ళీ అదే ఆసుపత్రి. అంటే పాపకు మందు అందుతోంది. తల్లి క్రమం తప్పకుండా తీసుకెళ్తోంది. తెర మీద ఆ సంగతి స్పష్టంగా ఉంది. ముద్రలక్క అక్కడితో ఆగిపోయి ఉండవచ్చు.

"పాప బాగానే ఉంది. మందు తీసుకుంటున్నారు. భయం లేదు."

"ఎక్కడక్కా?"

ఆమె చెప్పింది. ఊరు పేరూ ఆసుపత్రి పేరూ రెండూ చెప్పింది.

అతను కళ్ళు తుడుచుకుని లేచి, దణ్ణం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కుళాయి కట్టేసినట్టు ఏడుపు అంత టక్కున ఎలా ఆగిందన్నది ఆమెకు చాలాకాలం తర్వాత గాని తోచలేదు. మందు సీసా బల్లమీదే మరిచిపోయి వెళ్ళాడు.

కొద్దిరోజులకే హుక్కులమ్మాయి మళ్ళీ కొట్టు వెనక పీట మీద కనబడింది. టైలరు సందులో ఉన్న ఇంటింటికీ వెళ్ళి, "అక్క చలవ. అక్క లేకపోతే నేను ఏ నుయ్యో గొయ్యో చూసుకునేవాణ్ణి" అని చెప్పాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు ముద్రలక్కకు దారిచ్చి ముందు నీళ్ళు పట్టుకోమన్నారు. అత్తగారు అయితే కనబడ్డవాళ్ళనల్లా ఆపి, "మా కోడలు ఒక కాపురం నిలబెట్టింది" అని చెప్పుకుంది.

సంగతి సూపర్‌వైజరు చెవినపడింది. "మేడమ్, మీ కేంద్రం పేరు మోగిపోతోంది. పైవాళ్ళు మిమ్మల్ని పిలుస్తున్నారు" అని ఫోను చేశాడు. ఆ నెల మీటింగుకు పెద్ద హాల్లో అందరినీ కూర్చోబెట్టి, వేదిక మీదకు ఆమెను పిలిచారు. టైలరు కూడా వచ్చాడు, పాపను చంకనెత్తుకుని. భార్యకు ఒంట్లో బాగాలేదని చెప్పాడు. మైకు పట్టుకుని, తన కూతుర్ని తనకు తెచ్చిచ్చిన మిషనుకూ అక్కకూ రుణపడి ఉంటానన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద ఆఫీసరు ముద్రలక్క చేతిలో ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం పెట్టి ఫోటో దిగాడు. ఆ తెర ఆమె ఎలా తెరిచిందని ఆ హాల్లో ఒక్కరూ అడగలేదు. సూపర్‌వైజరు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

వేదిక మీద నిలబడ్డప్పుడు పాప ఆమెవైపు ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది. పిల్లలు కొత్తవాళ్ళను చూసి అలాగే చేస్తారని ముద్రలక్క సరిపెట్టుకుంది. కానీ ఆ పాపకు ఆమె కొత్త కాదు.

తర్వాత ఒక ఉదయం టైలరు భార్యను వెంటబెట్టుకుని కేంద్రానికి వచ్చాడు. "రేషను షాపులో దీని వేలు పడటం లేదక్కా. మళ్ళీ తీస్తారేమోనని తీసుకొచ్చాను. ఇస్త్రీ చేస్తూ కాల్చుకుంది. ఒక్క పనైనా శ్రద్ధగా చెయ్యదు."

హుక్కులమ్మాయి చేతులు పైట కింద దాచుకుని కుర్చీలో కూర్చుంది. ముద్రలక్క అలవాటుగా తడిగుడ్డ అందుకుని, "ఏదీ, చేతులిటు ఇవ్వమ్మా" అంది. ఆమె చేతులు బల్లమీద పెట్టింది. రెండు చేతుల వేళ్ళ కొసలన్నీ కాలి, పొక్కులు చితికి, కొత్త చర్మం గులాబీ రంగులో నున్నగా మెరుస్తోంది. ఇస్త్రీ చేస్తూ చెయ్యి తగిలితే ఒక వేలు కాలుతుంది, మహా అయితే రెండు. పదివేళ్ళు కొసలవరకే అంత వరసగా కాలవు. వేళ్ళు చూడటమే ముద్రలక్క ఉద్యోగం.

"తమ్ముడూ, కార్డు నకలు ఒకటి కావాలి. కింద కొట్లో తీయించుకుని రా" అంది.

అతని చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా ఆగింది.

"అతనే కాల్చాడా?"

"కాదు" అంది హుక్కులమ్మాయి. ఆమె గొంతు ముద్రలక్క అంతవరకు సరిగ్గా వినలేదు. సన్నగా, నిదానంగా ఉంది. "ఆయన వేరేచోట కొడతాడు. కనబడనిచోట. ఇది నేనే కాల్చుకున్నాను."

"ఎందుకమ్మా?"

"ఈసారి వెళ్తే మీ మిషను చెప్పకూడదని."

ముద్రలక్క చేతిలోని తడిగుడ్డ బల్లమీద పెట్టేసింది.

"ఆ ఊళ్ళో నేను తలుపు తీసేసరికి గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. మనిషికి చెప్పలేదు, చుట్టానికి చెప్పలేదు. మా అమ్మకి కూడా తెలియదు. ఎలా వచ్చాడో అర్థం కాలేదు. దార్లో బస్సులో ఆయనే చెప్పాడు, అక్క చూసి చెప్పిందని, ఆసుపత్రి దగ్గర కాపుకాసి నా వెనకే వచ్చానని. ఇప్పుడు రోజూ చెప్తాడు. నువ్వు ఏ లోకంలో దాక్కున్నా అక్క చెప్పేస్తుందిలే అంటాడు."

ఆమె కోపంగా అనలేదు. అదే ముద్రలక్కకు భరించరానిదయింది. ఏదో ఒకటి అనాలని, సాయం చేస్తున్నాననుకుని, తనకు తెలిసిన నిజం అనేసింది. "వేళ్ళు కాల్చుకుంటే లాభం లేదమ్మా. అందులో కళ్ళు కూడా ఉన్నాయి."

హుక్కులమ్మాయి ఆమె మొహంలోకి మొదటిసారి తిన్నగా చూసింది. "అయితే అవి కూడా తీసేసుకోమంటారా?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. వేళ్ళు పడనివాళ్ళకు రెండు చేతులూ గుండెల ముందు తెరిచి పట్టుకుని ఫోటో దిగాలన్నది నియమం. ముద్రలక్క ఆ ఫోటో తీయాల్సి వచ్చింది. తెల్లగుడ్డ ముందు హుక్కులమ్మాయి తన కాలిన వేళ్ళు పైకెత్తి పట్టుకుంది. పక్కన నిలబడి భర్త, "సరిగ్గా పెట్టు, అక్కకి ఇబ్బంది" అన్నాడు. ముద్రలక్క మీట నొక్కింది.

ఆ రోజు ఇంటికి వచ్చి వంట చెయ్యలేదు. స్టవ్ ముందు కూర్చుని ఉంటే అత్తగారు వచ్చి చూసి, తనే కూరగాయలు ముందేసుకుంది.

"ఒంట్లో బాగాలేదా?"

ముద్రలక్క జరిగింది జరిగినట్టు చెప్పింది. అత్తగారు కత్తిపీట పక్కకు జరిపింది.

"ఎందుకు చెప్పావే అమ్మాయ్?"

"ఏడ్చాడు అత్తయ్యా."

"ఆ పిల్ల ఏడవలేదా?"

"ఆ పిల్ల నా ముందుకొచ్చి ఏడవలేదు."

"నేనూ అంతే" అంది అత్తగారు. "ఊరంతా తిరిగి గొప్పగా చెప్పుకున్నాను. ఆ పిల్ల ఎందుకు వెళ్ళిందని ఒక్కరినైనా అడిగానా?" గోడకు తగిలించిన ప్రశంసాపత్రం తీసి బట్టల బీరువా వెనక పెట్టేసింది. భర్త వచ్చి ఖాళీ మేకు చూశాడు, భార్య మొహం చూశాడు, వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

మర్నాడు సూపర్‌వైజరును కలిసింది. హుక్కులమ్మాయి కార్డు నంబరు మీద ఉన్న సమాచారమంతా తీసేయమంది. ఆయన పెన్ను కొరుకుతూ విన్నాడు.

"తీసేసే బటన్ మనకు లేదమ్మా. చేర్చడమే మన పని."

"పైవాళ్ళకైనా ఉంటుంది కదా సార్?"

"ఉంటుందేమో. నేనెప్పుడూ చూడలేదు. అయినా ఏమని అడుగుతారు? నా పాస్‌వర్డుతో మీరు చూశారని చెప్తారా? నేనూ పోతాను, మీరూ పోతారు. మొన్ననే కదా చప్పట్లు కొట్టించుకున్నారు. మొగుడూ పెళ్ళాల గొడవ. మధ్యలో మనమెందుకు?"

"మధ్యలోకి వెళ్ళింది నేనే సార్" అంది ముద్రలక్క.

తర్వాత కొత్త జాకెట్టు గుడ్డ ఒకటి పట్టుకుని కొట్టుకు వెళ్ళింది. అదొక్కటే ఆమెకు తోచిన సాకు. టైలరు మొహమంతా నవ్వు చేసుకుని కుర్చీ వేశాడు. ఆడవాళ్ళ కొలతలు తెర వెనక భార్యే తీసేది. తెర వెనక ఇద్దరూ నిలబడ్డారు. బయట కుట్టుమిషను చప్పుడు మొదలైంది. హుక్కులమ్మాయి టేపు ఆమె భుజం మీద వేసి, కాలిన వేళ్ళతో పట్టుకోలేక మణికట్టుతో అదిమింది.

"నన్ను క్షమించమ్మా" అంది ముద్రలక్క గొంతు తగ్గించి.

"ఆ పని కూడా నా మీదే వేస్తారా?" అంది ఆమె, టేపు మీదనుంచి కళ్ళు ఎత్తకుండా. ఇంకో కొలత తీస్తూ మళ్ళీ అంది. "ఆ ఊళ్ళో ఆసుపత్రిలో కూడా అడిగాను, ఈ వేలు ఎందుకని. పెట్టకపోతే మందు ఇవ్వం అన్నారు. ఎవరికీ తెలియదమ్మా, నీకూ మిషనుకూ మధ్య సంగతే అంది అక్కడి నర్సు. మీరు అన్న మాటే. మీరు అన్నప్పుడు నమ్మాను కాబట్టి ఆమె అన్నప్పుడూ నమ్మాను."

బయట మిషను ఆగింది. హుక్కులమ్మాయి టేపు ఇంకో భుజం మీదకు మార్చింది. దారం మార్చుకున్నాడు కాబోలు, మళ్ళీ మొదలైంది.

"నేనేం చెయ్యను?"

"నేను లేనప్పుడు వెతక్కండి. అంతకంటే ఏం వద్దు." తర్వాత గొంతు పెంచి, "చెయ్యి పొడుగు పాతదే ఉంచమంటారా అక్కా?" అంది, బయటికి వినబడేలా.

వెతకకుండా ఉంటే చాలదని ముద్రలక్కకు తెలుసు. పాస్‌వర్డు అన్ని కేంద్రాల్లోనూ ఉంది. ఒకచోట కాదంటే ఇంకోచోట అతను ఏడుస్తాడు. పై ఆఫీసుకు వెళ్ళి, తను చేసిందంతా కాగితం మీద రాసిచ్చింది. భార్య ఎక్కడుందో భర్తకు తనే చెప్పానని, ఆ తెర ఎవరి అనుమతితోనూ తెరవలేదని, ఇప్పుడు కూడా చాలామంది చేతుల్లో అదే పాస్‌వర్డు ఉందని రాసింది. ప్రశంసాపత్రం ఇచ్చిన ఆఫీసరే ఆ కాగితం అందుకున్నాడు. చదివి, "దీన్ని మీరు వెనక్కి తీసుకుంటే అందరికీ మంచిది" అన్నాడు. ఆమె తీసుకోలేదు.

పాస్‌వర్డు మార్చారు. సూపర్‌వైజరును ఇంకో ఊరికి మార్చారు, అక్కడా అదే ఉద్యోగం. ఆమె తన పాస్‌వర్డు దొంగిలించిందని ఆయన రాసిచ్చాడట. ముద్రలక్కను పనిలోంచి తీసేశారు. ఆయన రాసింది అబద్ధమే అయినా ఆమె కాదనలేదు. నంబరు కొట్టిన వేళ్ళు తనవే అనుకుంది. టైలరును ఎవరూ ఏమీ అనలేదు. పోలీసు స్టేషన్లో ఆమె అడిగితే, "సొంత పెళ్ళాం ఎక్కడుందని అడగడం నేరమెలా అవుతుందమ్మా?" అన్నారు.

సంగతి తెలిసి టైలరు ఆమె ఇంటికి వచ్చాడు. సాయంత్రం, సందులో అందరూ గుమ్మాల్లో కూర్చుని ఉన్న వేళ. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, చేతులు కట్టుకుని, నొచ్చుకున్న మొహంతో అడిగాడు.

"ఏంటక్కా ఇలా చేశారు? నావల్ల మీ ఉద్యోగం పోయిందంటే ఎంత బాధగా ఉందో తెలుసా? నా సంసారం నిలబెట్టిన మనిషి మీరు."

లోపల అత్తగారు మంచం మీంచి లేచింది. ముద్రలక్క గుమ్మం దిగి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. సందు చివరిదాకా వినబడేలా అంది.

"నీ సంసారం నేను నిలబెట్టలేదు. నువ్వు కొడతావని పారిపోయిన పిల్లను నేను నీకు పట్టిచ్చాను. ఆ మాట ఇక్కడ అందరూ వినాలి. కాపురం నిలబెట్టానని నన్ను ఇంకెవరూ అనొద్దు."

ఎదురింటావిడ పిల్లాణ్ణి లోపలికి పిలిచి తలుపు వేసుకుంది. టైలరు తలవంచుకుని, చల్లగా జారుకున్నాడు. అతని కొట్టుకు బేరాలేమీ తగ్గలేదు. బడులు తెరిచే రోజుల్లో యూనిఫారాలు ఎప్పటిలా గుట్టలు పడ్డాయి. మారింది ముద్రలక్క సంగతే. ఇంటి గుట్టు బజారున పెట్టిందని కొందరు, ఉద్యోగం పోయిన కడుపుమంట అని కొందరు అనుకున్నారు. కుళాయి దగ్గర ఇప్పుడెవరూ దారివ్వడం లేదు. ఆమె కూడా అడగలేదు, చివర్న నిలబడేది.

ఆ తర్వాత ఒక రోజు టైలరు దారాలూ గుండీలూ కొనడానికి బజారుకు వెళ్ళినప్పుడు హుక్కులమ్మాయి పాపను తీసుకుని వెళ్ళిపోయింది. ఆ కబురు అత్తగారు తెచ్చింది. ముద్రలక్క సంతోషపడలేకపోయింది. ఎందుకంటే టైలరు ఆ మధ్యాహ్నమే బ్యాంకు మేడ మెట్లెక్కాడని కూడా అత్తగారే చెప్పింది. అక్కడ ఇప్పుడు కొత్తతను కూర్చున్నాడు.

ముద్రలక్క పరుగులాంటి నడకతో వెళ్ళింది. వరసలో ఉన్నవాళ్ళంతా ఆమెను గుర్తుపట్టి పలకరించారు. కొత్తతను చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. ఫ్యాను వేసుకుని కూర్చున్నాడు.

"బాబూ, టైలరు వచ్చి ఉంటాడు, భార్య ఎక్కడుందో చూడమని. చూడకు. నీకు పుణ్యం ఉంటుంది."

"నాకా తెర రాదండీ ఇప్పుడు. వచ్చినా నేను చూడను. రూల్స్ ఒప్పుకోవు."

"నాకూ ఒప్పుకోలేదు" అంది ఆమె. "అతను ఏడుస్తాడు."

కొత్తతను ఇబ్బందిగా నవ్వి, తర్వాతి మనిషిని పిలిచాడు. అతనికి తెర నిజంగా రాదో, రాదని అన్నాడో ఆమెకు తెలిసే దారి లేదు.

టైలరు కొట్టు మూతపడింది. ఎక్కడికో వెళ్ళాడన్నారు. ఆ రోజుల్లో ముద్రలక్క అన్నం సయించక, పొద్దున్నే సందు మొదటికి వెళ్ళి ఆ షట్టరు చూసి వచ్చేది. ఒక ఉదయం షట్టరు ఎత్తి ఉంది. దగ్గరికి నడిచి లోపలికి చూసింది. టైలరు ఒక్కడే కూర్చుని కుడుతున్నాడు. పీట ఖాళీ. అతను తలెత్తి ఆమెను చూసి, ఎప్పటిలా నవ్వబోయి మానేశాడు. ఆమె వెనుదిరిగి ఇంటికి వచ్చేసింది.

ఆ పూట తృప్తిగా తిందామని కూర్చుంది. రెండు ముద్దలకే పాప గుర్తొచ్చింది. దొరకలేదంటే, ఆ తల్లి ఎక్కడా మిషనుకు కళ్ళు చూపించడం లేదన్నమాట. అంటే ఏ పెద్దాసుపత్రికీ వెళ్ళడం లేదు. ఆ మందు బయట కొంటోందో, అసలు ఇవ్వడమే లేదో. ఎక్కడో ఒక గదిలో పాప పడిపోతే, మళ్ళీ తల కింద ఆ కాలిన చెయ్యి పెట్టి కూర్చుంటోందేమో. ముద్రలక్క కంచం ముందునుంచి లేచిపోయింది. భర్త ఆ కంచం తీసుకెళ్ళి తనే కడిగాడు.

ఇప్పుడామె భర్త దుకాణంలో అతని పక్కన కూర్చుని తీగ చుడుతుంది. దాంట్లోనూ చెయ్యి తిరుగుతోంది. జనం అక్కడికి కూడా వస్తుంటారు, మోటార్ల కోసం కాదు, కార్డుల సంగతి అడగడానికి. మొన్నొకావిడ వచ్చింది. ఇళ్ళల్లో పాచిపని చేసే మనిషి. అరిగిపోయిన ఆమె వేళ్ళను ముద్రలక్కే ఒకప్పుడు రుద్ది రుద్ది ముద్ర వేయించింది.

"అక్కా, మా చెల్లి మొగుణ్ణి వదిలేసి నా దగ్గరికి వచ్చేసింది. పిల్లాణ్ణి బళ్ళో వెయ్యాలంటే కార్డులో అడ్రసు మార్చాలంటున్నారు. మార్చమంటారా, వద్దంటారా?"

ముద్రలక్క చేతిలో తీగ పక్కన పెట్టింది. "మార్చొద్దు" అంది. "ఎక్కడ వేలు పెట్టినా తెలిసిపోతుంది. మూడో మనిషికి తెలియదని అప్పుడు మీకు అబద్ధం చెప్పాను."

"మరి పిల్లాడి బడో?"

ముద్రలక్క భర్తవైపు చూసింది. అతను తల వంచుకుని తీగ చుట్టుకుంటున్నాడు. ఆవిడ జవాబు కోసం ఇంకాసేపు నిలబడి, చెమటపట్టిన చేతులు కొంగుకు తుడుచుకుని, "పోనీలెండి, ఇంకెవరినైనా అడుగుతాను" అని బజారులోకి దిగి వెళ్ళిపోయింది.